ఉన్న బడ్జీల జంటకు కొత్తవాటిని చేర్చాలంటే: ఏ పక్షి, ఏ పంజరం, ఏ పద్ధతి

నెల్లూరులోనైనా, అటు కావలి, కందుకూరు, ఒంగోలులోనైనా పక్షుల దుకాణానికి వెళ్లి బడ్జీలు అనే చిన్నజాతి చిలుకలను ఆ పేరుతో అడిగేవారు తక్కువ. అందరూ లవ్ బర్డ్స్ అనే అడుగుతారు, దుకాణదారు కూడా ఆ పేరుతోనే బడ్జీలను చూపిస్తాడు. ఇంట్లో ఒక్క జంట ఉన్నంతకాలం ఈ పేరు తికమక వల్ల వచ్చే నష్టమేమీ లేదు. ఆ జంటకు మరికొన్నింటిని చేర్చాలనుకున్ననాడు మాత్రం అది ప్రాణాల మీదికి రావచ్చు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు, వాటికి తోక పొట్టి, ముక్కు పెద్దది, బలమైనది. బడ్జీలు ఆస్ట్రేలియా నుంచి వచ్చినవి, సన్నని ఒళ్లు, పొడుగు తోక, రెక్కల మీద అలల వంటి చారలు వాటి గుర్తులు. రెండింటినీ ఒకే పంజరంలో వేస్తే లవ్ బర్డ్ బడ్జీ కాలివేళ్లను కొరికివేయగలదు. కాబట్టి బడ్జీలకు తోడుగా బడ్జీలనే తీసుకోవాలి, పేరును బట్టి కాక పక్షిని చూసి కొనాలి. ఎవరైనా ఊరి రామచిలుకను తెచ్చి ఇందులోనే వేయమంటే అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని చెప్పి పంపించివేయండి.

నా మొదటి ప్రయత్నం చెడిపోయిన తీరు చెబితే తక్కిన విషయం సులభంగా అర్థమవుతుంది. అప్పటికి మా ఇంట్లో ఒక మగ, ఒక ఆడ బడ్జీ రెండేళ్లుగా ఉన్నాయి. మూడోది మగది, ఏ గొడవా ఉండదు అన్న అమ్మకందారు మాట నమ్మి ఒక లేత పక్షిని తెచ్చి, ఆ సాయంత్రమే పాత పంజరంలోకి వదిలాను. గూడు కట్టుకునే మట్టికుండ పంజరానికి వేలాడుతూనే ఉంది. తెల్లవారి చూసేసరికి కొత్తది గింజల గిన్నె వెనుక మూలకు నక్కి ఉంది. కుడికాలి వెనుక వేలు ఒకటి తెగిపోయి, కింద పరచిన దినపత్రిక మీద రక్తపు చుక్కలు నల్లబడి ఎండిపోయి ఉన్నాయి. అది మగది కూడా కాదని నెలన్నర తరువాత తెలిసింది. తప్పు పక్షిని కొన్నాను, కుండ తీయలేదు, పాత పంజరాన్ని మార్చలేదు, విడిగా ఉంచి చూడనూ లేదు. ఇన్ని తప్పుల తరువాత ఆ పక్షి బతకడం దాని అదృష్టమే.

ముందు పాత జంటను చూడండి

కొత్త పక్షుల గురించి ఆలోచించేముందు ఇంట్లో ఉన్న ఆడపక్షి ముఖం దగ్గరగా చూడాలి. ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తని పట్టీ పెద్దయిన ఆడబడ్జీలో మామూలుగా తెలుపు, లేత గోధుమరంగుల మధ్య ఉంటుంది. అదే పట్టీ ముదురు గోధుమరంగుకు తిరిగి, మందంగా, పెచ్చులు కట్టినట్లు ఉంటే ఆ పక్షి గుడ్లు పెట్టే ఊపులో ఉన్నట్లు లెక్క. ఆ సమయంలో అది పంజరమంతా తనదే అనుకుంటుంది, తనకన్నా పెద్ద పక్షినైనా తరిమి కొడుతుంది. బడ్జీలలో పెత్తనం చాలావరకు ఆడపక్షిదే, పంజరంలోకి ఎవరు రావాలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చేది అదే. మగవాటి మధ్య జరిగేవి ఎక్కువగా అరుపుల కొట్లాటలు, ఆడవాటి మధ్య జరిగేవి రక్తం వచ్చే కొట్లాటలు.

కుండలో గుడ్లు ఉంటే ఈ ప్రయత్నాన్ని వాయిదా వేయడం తప్ప వేరే దారి లేదు. బడ్జీ రోజు విడిచి రోజు ఒక్కొక్కటిగా సాధారణంగా 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది, ఒక్కో గుడ్డు పొదగడానికి సుమారు 18 రోజులు పడుతుంది, పిల్ల గూటి నుంచి బయటకు రావడానికి మరో 30 నుంచి 35 రోజులు కావాలి, ఆ తరువాత కూడా తనంతట తాను గింజలు తినేదాకా తండ్రి పెట్టే మేత మీదే ఆధారపడుతుంది. అన్నీ కలుపుకొంటే రెండున్నర నెలలు ఆగాలి. గుడ్లు లేకపోతే కుండను ఇవాళే విప్పి, ఆడపక్షి ముక్కుపట్టీ లేతరంగుకు తిరిగేదాకా ఆగండి.

అసలు చేర్చకుండా ఉండడం కూడా ఒక ఎంపికే. ఒకదానినొకటి దువ్వుకుంటూ, నోటికి నోరు అందించి మేత పెట్టుకుంటూ ఉన్న జంటకు తోడు కొరతేమీ లేదు. పంజరం నిండుగా కనిపించాలన్న కోరిక మనది. ఇల్లు చిన్నదైతే, పెద్ద పంజరానికి చోటు లేకపోతే, పక్షులను విడిగా ఉంచడానికి గది లేకపోతే ఉన్న రెండింటికీ సరిపెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. జంటలో ఒకటి చనిపోయి రెండోది మౌనంగా మిగిలిపోయిన సందర్భం వేరు, అప్పుడు తోడు తేవడం అవసరమే.

ఒకటా, రెండా? మగవా, ఆడవా?

మగ, ఆడ కలిసి ఉన్న జంటకు ఒకే ఒక్క ఆడపక్షిని చేర్చడం అన్నింటికన్నా చెడ్డ ఎంపిక. ఒక మగదాని కోసం, ఒక చోటు కోసం రెండు ఆడవి పోటీపడతాయి, పాతదానికి ఇల్లు తనది కనుక కొత్తది ఎప్పుడూ ఓడిపోతూనే ఉంటుంది. ఒక్క మగదాన్ని చేర్చితే గొడవ తగ్గుతుందిగానీ, పాత రెండూ ఒక కొమ్మ మీద కూర్చుంటే మూడోది ఎదుటి కొమ్మ మీద ఒంటరిగా మిగిలిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. కొన్ని మగపక్షులు మెల్లగా పాత మగదానితో స్నేహం చేస్తాయి, ఆ స్నేహం కుదిరితే మూడూ బాగానే ఉంటాయి. కుదరకపోతే నాలుగోదాన్ని తేవలసివస్తుంది, అంటే ఈ తతంగమంతా మొదటి నుంచి మళ్లీ జరగాలి.

అందుకే తెస్తే రెండు తేవాలి. రెండూ ఒకే పంజరంలో కలిసి పెరిగినవైతే మరీ మంచిది, ఎందుకంటే కొత్త చోట బెదిరినప్పుడు అవి ఒకదానికొకటి తోడుగా ఉంటాయి, పాత ఆడపక్షి కోపం కూడా ఒక్కదాని మీదే పడకుండా చీలిపోతుంది. ఆ రెండు ఎవరై ఉండాలన్నదే ఇక మిగిలిన ప్రశ్న. పిల్లలు కావాలనుకోనివారికి రెండు లేత మగపక్షులే సరైన ఎంపిక. మగవి మూడయినా కుండ లేనంతకాలం అవి కలిసి పాడుకుంటూ, తలలూపుకుంటూ కాలం గడుపుతాయి. మరో మగ, ఆడ జంటను తెస్తే లెక్క సరిపోయినట్లు కనిపిస్తుంది, చాలామంది చేసేది కూడా అదే. అయితే అప్పుడు పంజరంలో ఇద్దరు పెద్దమ్మలు ఉంటారు, ఎవరో ఒకరు ఊపులోకి వచ్చిన ప్రతిసారీ మీరు కాపలా కాయాలి. పంజరం నిజంగా పెద్దదై, కుండలు లేకుండా ఉంటేనే ఆ దారి పట్టండి. పాత జంట రెండూ మగవే అయితే చిక్కు లేదు, మరో రెండు మగవాటిని తెచ్చుకోవచ్చు. ఏ లెక్కలోనైనా ఆడవి మగవాటికన్నా ఎక్కువ కాకూడదు.

వయసు విషయంలో 2 నుంచి 4 నెలల పక్షిని నేను మొగ్గు చూపి తీసుకుంటాను. ఆ వయసులో నుదుటి మీది చారలు ముక్కు దాకా వచ్చి ఉంటాయి, కన్ను మొత్తం నల్లగా ఉంటుంది. మొదటిసారి ఈకలు రాల్చుకున్నాక నుదురు నున్నగా తేలుతుంది, కంటిపాప చుట్టూ తెల్లని వలయం మెల్లగా ఏర్పడుతుంది. లేత పక్షిని పెద్దవి పోటీదారుగా అంతగా లెక్కచేయవు. పెద్ద పక్షిలో మాత్రం మగ ఆడ తేడా స్పష్టంగా తెలుస్తుంది, మగదానికి నీలిపట్టీ ఉంటుంది.

లేతదానిలో మగ ఆడ తేల్చడం దగ్గరే నేను మోసపోయాను. లేత మగదాని ముక్కుపట్టీ మొత్తం ఒకే తీరుగా గులాబీ లేదా ఊదా ఛాయలో ఉంటుంది. లేత ఆడదానిది పాలిపోయిన నీలంగా ఉండి, రంధ్రాల చుట్టూ తెల్లని వలయాలు కనిపిస్తాయి. నీలం కనిపించింది కదా మగదే అని అమ్మేవారు చెప్పేది, కొనేవారు నమ్మేది ఈ పాలిపోయిన నీలాన్ని చూసే. దుకాణంలోని ట్యూబులైటు కింద కాకుండా పక్షిని వాకిట్లో వెలుతురుకు తెప్పించి ఆ తెల్ల వలయాల కోసం చూడండి. పూర్తి పసుపు, పూర్తి తెలుపు పక్షులలో పెద్ద మగవాటికి కూడా పట్టీ గులాబీగానే ఉండిపోతుంది కనుక వాటిలో రంగును బట్టి వయసు చెప్పడం కష్టం.

విడిగా ఉంచడం ఎక్కడ, ఎన్నాళ్లు

జబ్బేదైనా ఉంటే పాతవాటికి అంటకుండా కొత్త పక్షిని కనీసం 30 రోజులు, వీలైతే 45 రోజులు వేరు గదిలో ఉంచాలి. ఇందుకు మూడు దారులున్నాయి. మన ఇంట్లోనే తలుపు వేసుకోగల మరో గది ఉంటే అది చాలు. అది లేనివారికి, పక్షులు లేని బంధువుల ఇల్లు ఇంకా మంచి చోటు. అక్కగారింట్లో నెలన్నర ఉంచి తెచ్చుకున్నవారు నాకు తెలుసు. ఇక మూడోది, చాలామంది చేసేది, అదే వరండాలో ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి పెట్టడం. ఎండిన రెట్టల పొడి, ఈకల దుమ్ము గాలిలో తేలి అవతలికి చేరుతాయి కనుక దాన్ని విడిగా ఉంచడమని అనలేము. దుకాణంలోని పక్షి మన చేతికి వచ్చేలోపు ఎన్ని ఊళ్ల పక్షులతో ఒకే పెట్టెలో ప్రయాణించి ఉంటుందో ఊహించుకుంటే ఈ నెలన్నర ఎక్కువ అనిపించదు. ఇంట్లో పెంచి పిల్లలను ఇచ్చేవారి దగ్గర తల్లిదండ్రులను కూడా చూసే వీలుంటుంది, అందుకే దుకాణం కన్నా అటువంటివారి దగ్గర తీసుకోవడానికే నేను ఇష్టపడతాను. అక్కడ తీసుకున్నా విడిగా ఉంచడం మాత్రం తప్పదు.

ఇలా విడిగా ఉంచినన్నాళ్లూ రోజూ ముందు పాత పక్షులకు మేత, నీళ్లు పెట్టి, ఆ తరువాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. గిన్నెలు వేరుగా ఉండాలి, చేతులు సబ్బుతో కడగాలి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ తూకం ఇక్కడ ఏ మందుకన్నా ఎక్కువ పనికివస్తుంది. మామూలు బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములు, అందులో మూడు గ్రాములు తగ్గాయంటే మన లెక్కలో ఒక మనిషి ఆరు కిలోలు తగ్గినట్లు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో పక్షిని ఉంచి వారానికి రెండుసార్లు తూచి గోడ మీది క్యాలెండరులో రాసుకోండి. ఎప్పుడు చూసినా తింటూనే ఉన్నా చిక్కిపోతూ, రెట్టలో కొర్రలు అరగకుండా పడుతుంటే కడుపులో శిలీంధ్రపు వ్యాధి ఉండవచ్చు. ముక్కు చుట్టూ సున్నం పేరుకున్నట్లు, చిన్న చిన్న రంధ్రాలతో తుట్టెలాగా కనిపిస్తే అది చర్మంలో దూరే సూక్ష్మ కీటకం పని, దానికి పశువైద్యుడు ఇచ్చే మందు బాగా పనిచేస్తుంది. సిట్టకోసిస్ అనే జబ్బు మనుషులకు కూడా సోకుతుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు పట్టుకుంటే వైద్యుడికి పక్షులున్న సంగతి తప్పక చెప్పాలి.

ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో గేదెలు, గొర్రెలే ఎక్కువ కనుక చిన్న పక్షిని పరీక్షించే అలవాటు అన్నిచోట్లా ఉండదు. నెల్లూరువారికి తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, ఒంగోలువారికి గన్నవరంలోని పశువైద్య కళాశాల అందుబాటులో ఉన్న పెద్ద చోట్లు. ఒక మాట, జిల్లాలో బర్డ్ ఫ్లూ వార్తలు ఉన్నప్పుడు కొత్త పక్షిని కొనకండి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో కోళ్లకు ఆ జబ్బు వచ్చినప్పటి సంగతి ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. పెరట్లో నాటుకోళ్లు ఉన్న ఇంట్లో కొత్త బడ్జీలను వాటి దరిదాపుల్లో ఉంచకూడదు.

ఏ కాలంలో చేర్చాలన్నది కూడా మన జిల్లాలలో ఆలోచించవలసిన విషయమే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో తలుపులు మూసిన గదిలో కొత్త పక్షిని ఉంచితే అది నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని రొప్పుతుంది. బెదురు, వేడి రెండూ కలిసి ప్రాణం తీస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల వానలతో గింజలకు చెమ్మ పట్టి బూజు వస్తుంది, తుపాను రోజుల్లో కరెంటు కూడా పోతుంది. సంక్రాంతి వెళ్లాక పక్షులను తెచ్చి, విడిగా ఉంచే గడువు ఫిబ్రవరి చివరికి ముగించుకుని, ఎండలు ముదరకముందే కలపడం ఇక్కడి వాతావరణానికి కుదిరిన లెక్క.

పాత పంజరమా, కొత్త పంజరమా

కలపడానికి చెప్పే పద్ధతులు చాలా ఉన్నా తేడా అంతా చోటు దగ్గరే ఉంది. పాత పంజరంలోకి కొత్తవాటిని వదలడం సులువు, ఖర్చు లేదు, కాని ఒకరి ఇంట్లోకి మరొకరిని చెప్పకుండా పంపినట్లు అవుతుంది. తప్పనిసరై అదే చేయవలసివస్తే పంజరాన్ని కడిగి, కొమ్మలు, గిన్నెలు అన్నీ చోటు మార్చి, పంజరాన్నే మరో గోడ దగ్గరికి జరిపి, పాత పక్షులకే అది కొత్తగా అనిపించేటట్లు చేయాలి. మధ్యలో తీసే జాలీ ఉన్న పొడవాటి పంజరం కొంత నయం. అటు రెండు, ఇటు రెండు వారం పది రోజులు చూసుకున్నాక జాలీ తీయవచ్చు, పోట్లాట వస్తే తిరిగి వేయవచ్చు. అయితే జాలీకి అటూ ఇటూ ఉన్నప్పుడు కూడా కాలివేళ్లు అందే సందు ఉండకూడదు.

గదిలో స్వేచ్ఛగా ఎగరనిచ్చి కలపడం అన్నది వినడానికి బాగుంటుంది. మన ఇళ్లలో సీలింగు ఫ్యాను ఆపకుండా ఆ పని చేయరాదు, ఫ్యాను ఆపి మధ్యాహ్నం కూర్చోలేము. తెల్లవారి ఆరు నుంచి ఏడున్నర దాకా, ఫ్యాను స్విచ్చి మీద కాగితం అంటించి, అద్దాలకు గుడ్డలు కప్పి, కిటికీలు మూసి చేస్తే అది మంచి పద్ధతే. దోమల కాయిలు, సాంబ్రాణి పొగ, మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే ఆవిరి బడ్జీల ఊపిరితిత్తులకు విషమని ఎలాగూ గుర్తుంచుకోవాలి.

నేను ఎన్నుకునేది మాత్రం నాలుగింటికీ కొత్తదైన పెద్ద పంజరాన్నే. నాలుగు పక్షులకు ఎలాగూ పాతది చాలదు. రెండింటికి 30 అంగుళాల పొడవు సరిపోతే నాలుగింటికి 40 అంగుళాల పొడవు, 20 అంగుళాల వెడల్పు తక్కువలో తక్కువ. బడ్జీ అడ్డంగా ఎగురుతుంది కనుక ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, కమ్మీల సందు అరంగుళం మించకూడదు. ఊళ్లో వెల్డింగు షాపువాళ్లు కొలత చెబితే చక్కగా చేసి ఇస్తారు, కాకపోతే కొత్త జాలీ మీది జింకు పూత పక్షి కొరికితే విషమవుతుంది. వెనిగర్ పోసి బ్రష్షుతో గట్టిగా తోమి, బాగా కడిగి ఎండలో ఆరనిచ్చాకే వాడాలి. పక్షుల ధర కన్నా దీని ఖర్చే ఎక్కువని బెంగపడేవారు ఒక్క ఆడపక్షి కొరుకుడు చూస్తే మనసు మార్చుకుంటారు.

విడిగా ఉంచే గడువు ముగిశాక రెండు పంజరాలను ఒకే గదిలో ఆరేడు అడుగుల దూరాన పెట్టి, రోజుకు కొంచెం చొప్పున దగ్గరికి జరుపుతూ పోవాలి. రెండింటికీ ఒకేసారి మునగాకు రెమ్మలు కడితే అవి ఒకదానినొకటి చూస్తూ తింటాయి. ఇవతలివి కూసినప్పుడు అవతలివి బదులు పలుకుతున్నాయంటే సగం పని అయినట్లే. కొత్త పంజరంలో పక్షుల సంఖ్యకన్నా ఒక గిన్నె ఎక్కువే ఉండాలి, కొమ్మలు వేపవో జామవో ఒకే ఎత్తున కట్టాలి, ఎందుకంటే ఎత్తైన కొమ్మ ఒక్కటే ఉంటే దానికోసమే కొట్లాట మొదలవుతుంది. ముక్కు అరగదీసుకోవడానికి పెట్టే సముద్రపు నురుగు కూడా రెండు చోట్ల పెట్టండి. దుకాణంలో కటిల్ బోన్ అని అమ్మే ఈ తెల్లని పెళ్ల మైపాడు, కొత్తపట్నం ఒడ్డున దొరికితే ఏరుకొచ్చి, రోజూ నీళ్లు మారుస్తూ నాలుగైదు రోజులు మంచినీటిలో నానబెట్టి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి వాడుకోవచ్చు.

కలిపే పని సెలవురోజు ఉదయం పెట్టుకోవాలి. ముందు కొత్త రెండింటినీ వదిలి అరగంట అలవాటు పడనిచ్చి, ఆ తరువాత పాత జంటను వదలాలి. మొదటి గంటలో ముక్కులు తాకించి కత్తిసాము చేసినట్లు ఆడించడం, ఒక కాలు ఎత్తి బెదిరించడం, గట్టిగా అరవడం, కొమ్మ మీద నుంచి తోసివేయడం అన్నీ మామూలే, చేయి పెట్టకండి. ఒకటి మరొకదాని కాలిని పట్టుకుని వదలకపోతే, నేల మీదికి దించి పైనెక్కి కొరికితే, గిన్నెకు అడ్డంగా నిలబడి పూటంతా తిననీయకపోతే వెంటనే వేరు చేయాలి. గోరు నుంచి రక్తం కారితే కార్న్‌ఫ్లోర్ అద్ది ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నొక్కి పట్టుకుంటే చాలావరకు ఆగుతుంది, ఆగకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రాత్రి మొదటి మూడు నాలుగు రోజులు చిన్న దీపం వెలుగుతూ ఉండనివ్వండి, చీకట్లో బెదిరి కొట్టుకోకుండా ఉంటాయి. వారం గడిచేసరికి నాలుగూ ఒకే సమయంలో కళ్లు మూసి ముక్కు అరగదీస్తూ కునుకు తీస్తుంటే అవి కుదురుకున్నట్లే.

రెండు మూడుసార్లు విడదీసి కలిపినా అదే ఆడపక్షి అదే పక్షి కాలికి పోతుంటే పట్టుదల వదిలి రెండు పంజరాలు ఉంచుకోవాలి. మా వరండాలో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వేలు తెగిన ఆ ఆడపక్షికి తరువాత ఒక మగదాన్ని తెచ్చాను, ఆ ఆడది ఎడమకాలి మీద బరువు మోపి కొమ్మ మీద కాస్త పక్కకు ఒరిగి కూర్చుంటుంది. రెండడుగుల దూరంలో ఉన్న పాత జంటతో తెల్లవారి పాలవాడు వచ్చే వేళకు మాటలు మొదలుపెట్టి, తొమ్మిదింటి దాకా ఆపదు.